చికిత్స ముగిశాక, దత్తతకు ముందు

సంతానం కోసం చేయించుకుంటున్న చికిత్సను మానుకోవడమూ, బిడ్డను దత్తత తీసుకోవాలనుకోవడమూ ఒకే నిర్ణయమని మా బంధువుల్లో చాలామంది అనుకున్నారు. అది కుదరలేదు కాబట్టి ఇది చేస్తున్నారన్నట్టుగా మాట్లాడారు. మా మటుకు అవి రెండు వేర్వేరు నిర్ణయాలు. వాటి మధ్య ఏడాదికి పైగా ఎడం ఉంది. ఆ ఎడమే లేకపోతే రెండో నిర్ణయాన్ని సవ్యంగా తీసుకోగలిగేవాళ్లం కామని ఇప్పుడు అనిపిస్తోంది. ఇదే దారిలో ఉన్న కొందరు దంపతులు అడుగుతున్నారు కనుక, ఆ మధ్య కాలంలో మేము ఏమేమి ఆలోచించుకున్నామో, ఆ తరువాత దత్తత ప్రక్రియ ఎలా నడుస్తోందో రాస్తున్నాను.

అండాన్ని ల్యాబులో ఫలదీకరించి పిండాన్ని గర్భంలో ఉంచే ఐవీఎఫ్ చికిత్స గురించి దూరం నుంచి విన్నవారికి అది ఒక ఆపరేషన్ వంటిదని అనిపించవచ్చు. చేయించుకునేవారికి మాత్రం అది ఒక దినచర్య. నెలసరి రెండో రోజున స్కాన్‌తో మొదలై, పది పన్నెండు రోజులు పొట్ట మీద వేసుకునే ఇంజక్షన్లు, మధ్య మధ్య అండాల ఎదుగుదల చూసే ఫాలిక్యులర్ స్కాన్లు, అండాలు పక్వమవడానికి గడియారం చూసుకుని వేయించుకోవలసిన ట్రిగ్గర్ ఇంజక్షన్, మత్తు ఇచ్చి అండాలు తీయడం, ఐదో రోజుకు ఎన్ని పిండాలు నిలిచాయో చెప్పే ల్యాబు ఫోను, పిండాన్ని గర్భాశయంలో ఉంచే ట్రాన్స్‌ఫర్, గర్భం నిలవడానికి ఇచ్చే ప్రొజెస్టిరాన్ మందులు, ఆపై ఏ పనిలోనూ మనసు నిలవని రెండు వారాలు, చివరికి గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా రక్తపరీక్ష రిపోర్టులో ఒక అంకె. ఆ అంకె నిరాశపరిచిన మర్నాటికే తరువాతి మెట్టు సిద్ధంగా ఉంటుంది. ఈసారి మందు మార్చి చూద్దామంటారు, పిండాలకు జన్యు పరీక్ష చేయిద్దామంటారు. ఇందులో డాక్టర్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. మమ్మల్ని చూసిన డాక్టరుగారు ఓపికగా, నిజాయితీగానే మాట్లాడారు. అయితే ప్రయత్నించడం వారి వృత్తి. ఇక చాలునన్న మాట వారి నోటి నుంచి వస్తుందని ఎదురుచూసినంత కాలం అది రాదు. ఆ మాట దంపతులే అనుకోవాలి.

మేము అనుకున్నది దాత అండాల ప్రస్తావన వచ్చినప్పుడు. నలభైకి చేరువవుతున్న కొద్దీ సొంత అండాలతో ఫలితం దక్కే అవకాశం బాగా తగ్గిపోతుందనీ, దాత నుంచి తీసుకుంటే అది మెరుగుపడుతుందనీ వివరించారు. వైద్యపరంగా అది సరైన సలహాయే. ఆ దారిలో వెళ్లి సుఖంగా ఉన్నవాళ్లు మా స్నేహితుల్లోనే ఉన్నారు. కానీ ఇంటికి వచ్చాక మావారు ఒక ప్రశ్న వేశారు. బిడ్డలో నీ పోలికలు ఉండనక్కరలేదని మనసు ఒప్పుకున్నప్పుడు, నీ శరీరం ఇంకా ఇంత కష్టపడడం దేనికి అని. నాకు గర్భం మోయాలన్న కోరిక బలంగా ఉండి ఉంటే ఆ ప్రశ్నకు జవాబు సులభంగానే దొరికేది. వెతికి చూసుకుంటే నాకున్నది బిడ్డను పెంచాలన్న కోరిక. ఆ రోజు దత్తత ఊసు ఇద్దరమూ ఎత్తలేదు. చికిత్స మానేద్దామని మాత్రమే అనుకున్నాము.

మానేయడానికీ ఒక కాగితం ఉంటుందని అప్పటిదాకా ధ్యాసలోకి రాలేదు. నాణ్యత తక్కువని పక్కన పెట్టిన పిండాలు కొన్ని క్లినిక్కులో శీతలీకరించి ఉన్నాయి. వాటితో ప్రయత్నించినా ఆశ తక్కువేనని ముందే చెప్పారు. అయినా ఏటా నిల్వ రుసుము కడుతూనే వచ్చాము. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికతల చట్టం ప్రకారం పిండాలను పదేళ్ల వరకే నిల్వ ఉంచవచ్చు, ఆ గడువు తీరాక వాటిని నశించనివ్వాలి, లేదా దంపతుల సమ్మతితో పరిశోధనకు ఇవ్వాలి. పదేళ్లు ఆగకుండా ముందుగానే నిర్ణయం తెలపాలని మేము అనుకున్నాము కానీ, ఆ పత్రం చాలా కాలం బీరువాలోనే ఉండిపోయింది. మన సంప్రదాయంలో మనిషి పోతే పదో రోజు, పన్నెండో రోజు, నెల మాసికం అంటూ దుఃఖానికి ఒక క్రమం ఏర్పరిచారు. రాని బిడ్డ కోసం పడే దుఃఖానికి అటువంటి క్రమమేదీ లేదు. పలకరించడానికి ఎవరూ రారు, ఎందుకంటే ఎవరికీ చెప్పము. సంతకం పెట్టి పంపిన వారంలో నేను ఆఫీసుకు మామూలుగానే వెళ్లాను. అమ్మ మాత్రం మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కిన మొక్కును, కోరిక తీరకపోయినా, వెళ్లి తీర్చుకుని వచ్చింది. బాకీ ఉంచుకోవడం తనకు ఇష్టం లేదట.

ఆ తరువాతి ఏడాది మేము ఏ దరఖాస్తూ పెట్టలేదు. పెళ్లిళ్లకు వెళ్లాము, "ఏమైనా విశేషమా?" అని అడిగినవారికి లేదని చెప్పాము. నెల తిరిగేసరికి లెక్కలు వేసుకునే అలవాటు మెల్లగా వదిలింది. దత్తత మాట మొదటిసారి గట్టిగా అనుకున్నప్పుడు, దాన్ని చికిత్సలో మరో మెట్టుగా చూస్తున్నామా అని ఒకరినొకరం నిలదీసుకున్నాము. అలా చూస్తే ఆ వచ్చే బిడ్డ మీద పెద్ద భారం పడుతుంది. మా లోటు తీర్చే పని ఏ పసివాళ్లకూ అప్పగించకూడదు, వాళ్లకు అప్పటికే సొంత లోటు ఒకటి ఉంటుంది.

ఇంట్లో చెప్పాక మొదట వచ్చిన సూచన ఊహించినదే. బంధువుల బిడ్డనే తెచ్చుకోమన్నారు. మావారి తరఫున ఒకరికి ముగ్గురు పిల్లలు, మూడోవాణ్ని ఇస్తామని వారు మనస్ఫూర్తిగానే అన్నారు. మన పల్లెల్లో ఇది ఎప్పటి నుంచో ఉన్నదే. 1956 నాటి హిందూ దత్తత, భరణాల చట్టం దీనికి చోటిస్తుంది. ఆ చట్టం కింద సాధారణంగా పదిహేనేళ్ల లోపు బిడ్డను, భార్యాభర్తలిద్దరి సమ్మతితో, కన్నవారు స్వయంగా ఇవ్వగా పుచ్చుకుని, దత్తత పత్రం రిజిస్టర్ చేయించుకోవచ్చు. మేము వద్దనుకోవడానికి కారణం ఒక్కటే. ఆ బాబుకు అమ్మా నాన్నా, ఇద్దరు అన్నలూ, ఒక ఇల్లూ ఉన్నాయి. మాకు పిల్లలు లేరన్న కారణంతో అతణ్ని అక్కడి నుంచి తీసుకురావడం, ప్రతి పండక్కీ కన్నతల్లి ఎదురుగా నన్ను అమ్మా అని పిలిపించడం, మాకు సరిగా తోచలేదు. అలా పెరిగి హాయిగా ఉన్నవాళ్లను నేను ఎరుగుదును, కనుక ఇది అందరికీ వర్తించే తీర్పు కాదు.

రెండో సూచన వేరే రకం. ఫలానా ఆసుపత్రిలో తెలిసినవారు ఉన్నారు, పెళ్లికాని అమ్మాయి కాన్పు, కొంత డబ్బు ఇస్తే పుట్టిన రోజే బిడ్డ చేతికి వస్తుంది, జనన ధ్రువపత్రం కూడా మీ పేరు మీదే రాయిస్తారు అని ఒక పరిచయస్తుడు చెప్పాడు. ఏళ్ల తరబడి నిరాశపడినవారికి ఇది ఎంత తియ్యగా వినిపిస్తుందో నాకు తెలుసు, అందుకే స్పష్టంగా రాస్తున్నాను. ఇది పిల్లల అమ్మకం. బాలల న్యాయ చట్టం, 2015 ప్రకారం బిడ్డను కొన్నా అమ్మినా అయిదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా పడతాయి. ఆసుపత్రి సిబ్బందే ఈ పని చేస్తే వారికి శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల వరకు ఉండవచ్చు. శిక్ష మాట అటుంచినా, ఆ బిడ్డ తల్లి నిజంగా ఇష్టపడి ఇచ్చిందో లేదో ఎప్పటికీ తెలియదు. చట్టబద్ధమైన పద్ధతిలో బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి అరవై రోజుల వ్యవధి ఉంటుంది. ఆలస్యం ఆలస్యం అని మనం విసుక్కునే కాలంలో ఆ అరవై రోజులూ ఉన్నాయి.

చివరికి మేము కారా అని అందరూ పిలిచే కేంద్ర దత్తత వనరుల సంస్థ వెబ్‌సైటులో నమోదు చేసుకున్నాము. పాన్ కార్డు, వివాహ ధ్రువపత్రం, ఆదాయ వివరాలు, ఆరోగ్యంగా ఉన్నామని డాక్టరు ఇచ్చే పత్రం వంటివి అప్‌లోడ్ చేయాలి. దంపతులైతే కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి. వయసు నిబంధన చాలామందికి తెలియదు. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకైతే 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్లకైతే 100, ఆపైన 110. చికిత్సలోనే నలభై దాటించుకున్నవారికి ఈ అంకెలు గట్టిగా తగులుతాయి. చికిత్స చేయించుకుంటున్నవారు మానక ముందే ఈ పట్టికను ఒకసారి చూసుకోవడం మంచిదని నా సలహా.

తరువాత ఇంటి పరిశీలన. సామాజిక కార్యకర్త వస్తున్నారని తెలిసి అత్తయ్యగారు ఇల్లంతా తోమించారు, గుమ్మానికి తోరణం కట్టబోతే నేనే ఆపాను. వచ్చినావిడ మాత్రం అల్మరాల వైపు కూడా చూడలేదు. మమ్మల్ని కలిపి కొంతసేపు, విడివిడిగా కొంతసేపు కూర్చోబెట్టి మాట్లాడారు. చికిత్స పూర్తిగా ఆపేశారా, ఆపి ఎంతకాలమైంది, రేపు గర్భం వస్తే ఈ బిడ్డ పరిస్థితి ఏమిటి, దత్తత విషయం బిడ్డకు ఎప్పుడు చెబుతారు అని అడిగారు. ఆ మొదటి రెండు ప్రశ్నలకు తడబడకుండా జవాబు చెప్పగలిగామంటే మధ్యలో గడిచిన ఏడాదే కారణం. అత్తయ్యగారిని మీ అభిప్రాయం ఏమిటమ్మా అని అడిగితే, "నా కొడుకూ కోడలూ ఇంటికి తెచ్చిన బిడ్డ నా మనవరాలో మనవడో కాక ఇంకేమవుతుంది?" అని ఆవిడనే ఎదురు ప్రశ్న వేశారు.

అందరూ అత్తయ్యగారిలా లేరు. గోత్రం ఏమవుతుంది, ఎవరి రక్తమో ఏమో అని మా పెదనాన్నగారు నొచ్చుకున్నారు. ఆయన శాస్త్రం చదువుకున్న మనిషి కనుక, నేనూ శాస్త్రంలో నుంచే ఒక కథ గుర్తు చేశాను. ఐతరేయ బ్రాహ్మణంలో శునశ్శేపుణ్ని కన్నతండ్రి అజీగర్తుడు వంద ఆవులకు యజ్ఞపశువుగా అమ్మేస్తాడు. దేవతల దయతో బతికి బయటపడ్డ ఆ పిల్లవాడు, తండ్రి మళ్లీ పిలిచినా వెళ్లక విశ్వామిత్రుని ఒడిలో కూర్చుంటాడు. విశ్వామిత్రుడు అతనికి దేవరాతుడని పేరు పెట్టి తన పెద్ద కొడుకుగా ప్రకటిస్తే, కన్నకొడుకుల్లో యాభై మంది ఒప్పుకోరు. తండ్రి వాళ్లను శపిస్తాడు. ఆ శాపగ్రస్తుల సంతతి పేర్లలో ఆంధ్రులు అన్న మాట ఉంది. మన జాతి పేరు కనిపించే అతి ప్రాచీన ప్రస్తావనల్లో అది ఒకటి, అదీ దత్తపుత్రుణ్ని అన్నగా ఒప్పుకోనివాళ్ల జాబితాలో! దేవరాతుని పేరు మాత్రం కౌశిక గోత్రీకుల్లో కొందరి ప్రవరలో ఇప్పటికీ పలుకుతూనే ఉన్నారు. పెదనాన్నగారు ఏమీ అనలేదు. తరువాత రెండు నెలలు ఫోను చేయలేదు, ఆ తరువాత చేశారు.

ఇప్పుడు మేము ఎదురుచూసేవాళ్ల వరుసలో ఉన్నాము. దేశంలో 2024-25లో కారా ద్వారా జరిగిన దత్తతలు 4,515. నమోదు చేసుకుని ఎదురుచూస్తున్న కుటుంబాలు ముప్పై వేలకు పైమాటే. అనాథాశ్రమాల నిండా పిల్లలు ఉండగా ఇంత ఆలస్యం ఏమిటని చాలామంది అడుగుతారు. ఆ పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో దగ్గరి బంధువులో ఉన్నారు. బాలల సంక్షేమ సమితి విచారించి, దత్తతకు చట్టపరంగా అడ్డంకి లేదని ప్రకటించిన పిల్లలు మాత్రమే జాబితాలోకి వస్తారు. ఎవరో ఒకరు తిరిగి వచ్చి తన బిడ్డను అడిగే అవకాశం ఉన్నంతవరకు ఆ తలుపు మూయకపోవడమే న్యాయం. మా వంతు వచ్చినప్పుడు బిడ్డ వివరాలు, ఫొటో, ఆరోగ్య నివేదిక కనిపిస్తాయి, నలభై ఎనిమిది గంటల్లో సమ్మతి తెలపాలి. ఆ పైన బిడ్డను కలవడం, దత్తతకు ముందు సంరక్షణ కింద ఇంటికి తెచ్చుకోవడం ఉంటాయి. ఇదివరకు న్యాయస్థానం ఇచ్చే దత్తత ఉత్తర్వును 2022 సెప్టెంబరు నుంచి జిల్లా మెజిస్ట్రేట్ ఇస్తున్నారు. ఆ తరువాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి బిడ్డ ఎలా ఉందో చూసి వెళతారు.

మొదట రెండేళ్ల లోపు బిడ్డ కావాలనుకున్నాము. ఈ మధ్య నాలుగేళ్ల వరకు అయినా మాకు సమ్మతమేనని నిర్ణయించుకున్నాము. దానితో ఇంట్లో కొత్త చర్చ మొదలైంది. మూడేళ్ల బిడ్డకు అప్పటికే ఒక పేరు ఉంటుంది, పిలిస్తే పలుకుతుంది. తనతో వచ్చే అతి కొద్ది సొంత వస్తువుల్లో ఆ పేరు ఒకటి, కనుక మార్చకూడదని నేనూ మావారూ అంటున్నాము. నక్షత్రం తెలియకపోయినా ఇంటి దేవుడి పేరు ఒకటి పెట్టి, పళ్లెంలో బియ్యం పోసి రాయించి బారసాల జరిపించవలసిందేనని అత్తయ్యగారు పట్టుబడుతున్నారు. ఉన్న పేరుకు ఇంటి దేవుడి పేరు కలుపుదామని అమ్మ మధ్యే మార్గం చెప్పింది. బిడ్డ వచ్చి, మాతో చనువు కుదిరి, తనకు ఏ పిలుపు ఇష్టమో తెలిసేదాకా బారసాల మాట ఎత్తవద్దని మావారు గడువు కోరారు. అత్తయ్యగారు ఇంకా ఒప్పుకోలేదు.