వానకోయిలల లెక్క
సెప్టెంబరు మొదటి ఆదివారం తెల్లవారకముందే మైపాడు చేరుకొని, సరుగుడు తోట దాటి రొయ్యల గుంటల గట్టున నిలబడ్డాను. హిమాలయాలలోనూ, వాటికి ఉత్తరాన ఉన్న దేశాలలోనూ పిల్లలను పెంచుకొని వచ్చే వానకోయిలలు, 20 గ్రాములకు అటూ ఇటూ తూగే పిట్టలు, అప్పటికే కరెంటు తీగల మీద బారులు తీరి ఉన్నాయి. పదేసి చొప్పున 140 దాకా లెక్కపెట్టానో లేదో, బారు మొత్తం ఒక్కసారిగా లేచి, గుంట నీటిని రాసుకుంటూ పురుగులను పట్టుకొని, వేరే తీగ మీద వాలింది. నా లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. కంచె మీద దగ్గరగా కూర్చున్న ఒక పిల్లపిట్టకు గొంతు మీది ఇటుకరంగు ఇంకా వెలిసినట్టే ఉంది, తోక చివరి పోగులు పెద్దవాటిలా సాగలేదు. "ఎగిరేవాటిని ఎట్టా లెక్కేస్తావయ్యా?" అని గుంటల కాపలా పెద్దాయన నవ్వాడు. మూడుసార్లు లెక్కించి, అన్నిటికంటే తక్కువ వచ్చిన 132నే పుస్తకంలో రాసుకున్నాను.