నిఘా పెట్టాక ట్యాలీ కదల్లేదు

హన్మకొండలోని మా ఆఫీసులో ఇంకా పాత హార్డ్‌డిస్క్ కంప్యూటర్లే. ఎవరు ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో చూడాలని సార్ ఒక నిఘా ప్రోగ్రాం వేయించారు. అది మాటిమాటికీ స్క్రీన్ ఫొటో తీసి డిస్క్‌లో రాస్తుంటే, లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో ఒక వోచర్ సేవ్ కొట్టి చాయ్ తాగి రావచ్చు. జీఎస్టీ రిటర్నుల టైంలో అకౌంట్స్ అక్కకి ఒకటే టెన్షన్.

ఆ నిఘా ప్రోగ్రాంని తీసేయించాను. ఏ ప్రోగ్రాం ఎంత ప్రాసెసర్, ఎంత నెట్ వాడిందో విండోస్ 8 నుంచీ సిస్టమే రాసి పెట్టుకుంటోంది కదా! ప్రోగ్రాం తెరిచినప్పుడల్లా నమోదు కావాలంటే విండోస్ సెట్టింగుల్లో ఉండే ఆడిట్ పాలసీలో ప్రాసెస్ క్రియేషన్ ఆన్ చేస్తే చాలు. విండోస్ రాసుకునే సెక్యూరిటీ లాగ్‌లో 4688 నంబరుతో ఒక చిన్న ఎంట్రీ పడుతుంది. ఫొటోల బరువు ఉండదు.

తెరిచి నిజంగా పని చేశారా, ఊరికే వదిలేశారా అన్నది మాత్రం ఆ ఎంట్రీ చెప్పదు. సార్‌కి కావాల్సింది అదేనట. సీటు దగ్గరికెళ్లి అడగండి సార్ అన్నాను.