గ్రబ్-పీసీ దగ్గర ఆగిపోయిన డెబియన్ అప్‌గ్రేడ్

అమలాపురంలో ఒక జిరాక్స్ షాపు కంప్యూటర్‌ని డెబియన్ లినక్స్ 11 నుంచి 12కి మారుస్తున్నాను. పాత బయాస్ మెషీన్. మధ్యలో ప్రశ్నలు అడగకుండా నాన్‌ఇంటరాక్టివ్‌గా నడిపాను, పొరపాటు అక్కడే జరిగింది. గ్రబ్ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్, బయాస్ మెషీన్లకి దాని ప్యాకేజీ గ్రబ్-పీసీ. దాని వంతు వచ్చేసరికి, ముందు గ్రబ్ ఇన్‌స్టాల్ డివైజ్‌లు సరిచేసుకోండి అంటూ ఎర్రర్ వేసి ఆగింది.

"ఆయ్, ఓసారి రీస్టార్ట్ కొట్టి చూద్దామా అండీ?" అన్నాడు షాపు కుర్రాడు. వద్దన్నాను. ప్యాకేజీలు సగం కాన్ఫిగరై ఉండగా రీస్టార్ట్ జోలికి పోకూడదు. వానాకాలం కరెంటుని నమ్మలేం కాబట్టి యూపీఎస్‌లో చార్జింగ్ ఉండగానే పని తేల్చాలి.

మూడు నెలల కిందట ఇందులోని 500 జీబీ హార్డ్‌డిస్కుని అంతే సైజు ఎస్‌ఎస్‌డీకి డీడీ కమాండ్‌తో క్లోన్ చేశాం. క్లోన్‌లో మొదటి సెక్టారు, దాని వెనక ఖాళీలో ఉండే గ్రబ్ కోర్ ఇమేజ్ (గ్రబ్‌లో ముందుగా లేచే ముఖ్య భాగం) కూడా ఉన్నదున్నట్టు దిగిపోతాయి. అందుకే బూట్‌కి ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. కానీ గ్రబ్‌ని ఏ డిస్కులో వెయ్యాలన్నది, ప్యాకేజీల సెట్టింగులు దాచే డెబ్‌కాన్ఫ్ విడిగా రాసుకుంటుంది, అదీ మోడల్, సీరియల్ నంబరు కలిసిన పేరుతో. 'డెబ్‌కాన్ఫ్-షో గ్రబ్-పీసీ' కొడితే ఇన్‌స్టాల్ డివైజెస్ వరసలో సొరుగులో పడున్న పాత హార్డ్‌డిస్కు సీరియలే కనబడింది. ఆ డిస్కు లేదు, కొత్తదేదో అడుగుదామంటే అడగొద్దన్నది నేనే.

సరిచెయ్యడానికి 'సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ --ఫోర్స్ గ్రబ్-పీసీ'. ప్యాకేజీ సగంలో ఉంది కాబట్టి --ఫోర్స్ లేకపోతే ఒప్పుకోదు. దానికంటే ముందు పెన్‌డ్రైవ్‌లన్నీ పీకెయ్యండి. డిస్కులకి సిస్టమ్ పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు బూట్ బూట్‌కీ తారుమారు కావచ్చు, అందుకని డిస్కుల్ని చూపించే 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే' కమాండ్‌లో మోడల్, సైజు చూసుకున్నాకే ముందుకెళ్లాలి. కెర్నల్ ఆప్షన్ల ప్రశ్నలకి ఎంటర్ కొడితే చాలు. డిస్కుల జాబితాలో మాత్రం బాణం గుర్తుతో మన ఎస్‌ఎస్‌డీ మీదికెళ్లి స్పేస్‌బార్ నొక్కాలి. చదరపు బ్రాకెట్‌లో నక్షత్రం పడితేనే ఎంచుకున్నట్టు. చాలామంది ఎర్ర పట్టీ డిస్కు మీద ఉంది కదా అని ఎంటర్ కొట్టేస్తారు. గ్రబ్ ఎక్కడా ఎక్కదు, ఎక్కించకుండానే వెళ్లమంటారా అని మళ్లీ అడుగుతుంది. నక్షత్రం పడ్డాక ట్యాబ్, ఆ తర్వాత ఓకే.

ఎంచుకోవాల్సింది మొత్తం డిస్కుని, అందులోని పార్టిషన్‌ని కాదు. మొదటి పార్టిషన్ 2048వ సెక్టారులో మొదలైతే కోర్ ఇమేజ్‌కి దాదాపు 1 ఎంబీ చోటు ఉంటుంది. బాగా పాత డిస్కుల్లో 63వ సెక్టారు నుంచే మొదలవుతుంది, అప్పుడు మిగిలేది 31 కేబీ, ఇమేజ్ పట్టదని గ్రబ్ మొరాయించవచ్చు. 'ఎఫ్‌డిస్క్ -ఎల్' కొడితే ఇక్కడ 2048 అనే చూపించింది.

అసలు ప్రమాదం తప్పు డిస్కుని ఎంచుకోవడంలో ఉంది. బూట్ ఫోల్డర్‌లోని మాడ్యూళ్లు కొత్తవి అవుతాయి, ఎస్‌ఎస్‌డీ మొదట్లో ఉన్న కోర్ మాత్రం పాతదే. రెండూ పొసగక రీస్టార్ట్ చెయ్యగానే సింబల్ దొరకలేదంటూ, సిస్టమ్ లేవకుండా గ్రబ్ రెస్క్యూ అనే కమాండ్ తెరలో పడేస్తుంది. అలా పడితే లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, రూట్ పార్టిషన్‌ని మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ మూడూ బైండ్ చేసి, క్రూట్‌తో ఆ పార్టిషన్‌లోకి దిగి అక్కణ్నుంచి గ్రబ్-ఇన్‌స్టాల్ కొట్టాలి.

మాకు అంతదూరం రాలేదు. ఎర్రర్ లేకుండా ఇన్‌స్టాలేషన్ పూర్తయిందన్న వాక్యం చూశాక 'డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ', 'ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్', మళ్లీ 'ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్', ఈసారి ప్రశ్నలు అడగనిచ్చి. అప్పుడు రీస్టార్ట్. 6.1 కెర్నల్‌తో లేచింది.