ఇంతకీ నువ్వేమంటావమ్మా?

పదో తరగతి వరకు నాది తెలుగు మీడియం. తర్వాత నర్సింగ్ డిప్లొమా జీఎన్‌ఎం చేసి, విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఎన్‌ఎంసీ, ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లిషు పరీక్షలో లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లకు 7, రైటింగ్‌కు 6.5 అడుగుతుంది. ఒకప్పుడు రైటింగ్‌కూ 7 ఉండేది, 2018 చివర్లో తగ్గించారు. 2022లో మొదటిసారి రాస్తే మిగతా మూడూ గట్టెక్కాయి, రైటింగ్ 5.5 దగ్గర ఆగిపోయింది. ఫీజు 15 వేలకు పైనే. రిజల్ట్ చూసిన రాత్రి డ్యూటీలో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాను.

అప్పటికి నేను కోచింగ్ సెంటర్ వాళ్లిచ్చిన టెంప్లేట్‌నే నమ్ముకున్నాను. ఏ టాపిక్ వచ్చినా ‘ఇన్ దిస్ మోడర్న్ ఎరా’ అని మొదలుపెట్టడం, మధ్యలో ‘ఎవ్రీ కాయిన్ హాజ్ టూ సైడ్స్’ అనడం, చివర్లో ‘టు పుట్ ఇట్ ఇన్ ఎ నట్‌షెల్’ అని ముగించడం. ఖాళీల్లో టాపిక్ పేరు పెడితే 250 పదాలు నిండేవి. బళ్లో వ్యాసాలన్నీ గైడు చూసి బట్టీపట్టినవే కాబట్టి ఇందులో తప్పుందని తోచలేదు. పరీక్షలో వ్యాసానికి సుమారు 40 నిమిషాలు. గ్రాఫ్ గురించి రాసే మొదటి టాస్క్ కంటే దీని బరువు రెట్టింపు. అడిగినదానికి జవాబు చెప్పామా, చెప్పింది ఒక వరసలో ఉందా, పదాలెలా వాడాం, వ్యాకరణం ఎలా ఉంది అని నాలుగు వైపుల నుంచి చూస్తారు. ‘ఎవ్రీ కాయిన్’ అన్న వాక్యం దేనికి జవాబు?

మా వీధిలో ఇంగ్లిషు చెప్పి రిటైరైన మాస్టారు ఒకరున్నారు. నా వ్యాసం ఒకటి ఆయనకిచ్చాను. ప్రభుత్వం డబ్బు వైద్యం మీద పెట్టాలా, జబ్బులు రాకుండా చూడటం మీద పెట్టాలా అన్నది టాపిక్. రెండుసార్లు చదివి, “ఇంతకీ నువ్వేమంటావమ్మా?” అన్నారు.

తెలుగులో గబగబా చెప్పేశాను. “షుగర్ పుండు ముదిరి కాలు తీయించుకునేవాళ్లను వార్డులో చూస్తూనే ఉంటానండీ. ముందే ఎవరైనా కాళ్లు పరీక్షించి, ఉత్త కాళ్లతో తిరగొద్దని చెప్పుంటే చాలామందికి కాలు దక్కేది. డబ్బు అక్కడ పెట్టాలి.”

“మరి ఇదెక్కడ రాశావు?” అని కాగితం నా చేతికిచ్చారు. వెతికితే మూడో పేరా చివర సగం వాక్యం దొరికింది.

మనం సంగతంతా చెప్పుకొచ్చి, అసలు మాట చివర్లో చెబుతాం. వాక్యంలో క్రియ కూడా చివరే కదా. ఈ పరీక్ష వ్యాసంలో మాత్రం పేరా మొదటి వాక్యంలోనే నా మాట ఉండాలి, కారణం, ఉదాహరణ తర్వాత రావాలి అని మాస్టారు చెప్పారు. నాకు చేతకాదేమో అనుకుంటూ ఇంటికొచ్చాను. ఆ వారమే, రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేస్తూ, “సార్, 6వ బెడ్ పేషెంట్ ఆక్సిజన్ శాచురేషన్ 84కి పడిపోయింది” అన్నాను. ఎప్పుడు అడ్మిట్ అయ్యాడు, ఏం మందులు వాడుతున్నాం అన్నవి ఆ తర్వాతే చెప్పాను. ఫోన్ పెట్టాక తట్టింది, ఇది నేను రోజూ చేసే పనే! అప్పటి నుంచి ప్రతి పేరా మొదలుపెట్టే ముందు, నిద్రలో ఉన్న డాక్టర్‌కు ఫోన్‌లో ఏం చెబుతానో అది ముందు రాసేదాన్ని.

రెండోసారి రైటింగ్‌లో 6 వచ్చింది. విషయం కుదిరింది కానీ వ్యాకరణం కిందికి లాగుతోందని మాస్టారు నా పాత వ్యాసాలన్నీ తెప్పించుకుని తప్పులు లెక్కపెట్టించారు. వందల తప్పులున్నాయనుకున్నాను, తీరా చూస్తే అవే నాలుగైదు మళ్లీ మళ్లీ వస్తున్నాయి, అన్నీ తెలుగులోంచి వచ్చినవే. ‘ఐదేళ్ల నుంచి’ అనుకుని ‘ఫ్రమ్ ఫైవ్ ఇయర్స్’ అని రాశాను, ‘ఫర్’ అని ఉండాలి. ‘గురించి చర్చించడం’ మనసులో ఉండి ‘డిస్కస్ అబౌట్’ అన్నాను, అక్కడ ‘అబౌట్’ అక్కర్లేదు. ‘వచ్చాను’ అంటే వచ్చింది నేనేనని తెలుగులో క్రియే చెబుతుంది, అందుకేనేమో ఇంగ్లిషులోనూ కర్తను వదిలేసి ‘ఈజ్ డిఫికల్ట్’ అని మొదలుపెట్టేదాన్ని. పేషెంట్ వచ్చి, చూపించుకుని, మందులు తీసుకుని, తగ్గగానే వెళ్లిపోయాడు అని మనం ఒక్క ఊపులో అనగలం. అదే ఊపులో ఇంగ్లిషు రాస్తే కామాలు పెట్టుకుంటూ నాలుగు వాక్యాలు ఒకదానికొకటి అతుక్కుపోయేవి. అన్నిటికంటే కష్టపెట్టింది ‘ఎ’, ‘ది’. మనకు వాటి అవసరమే లేదు కాబట్టి లోటు కంటికి కనపడదు. ఏకవచన నామవాచకం కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో సున్నా చుట్టి, ముందు ఏముందో చూసుకోవడం ఒక్కటే నాకు పనిచేసింది.

ఇలా ఐదు నెలలపాటు, డ్యూటీ అయ్యాక రోజుకో పేరా రాశాను, పూర్తి వ్యాసం ఆదివారాలు మాత్రమే. 30 నిమిషాల్లో ముగించి, మిగతా సమయం ఆ తప్పులు ఒక్కోటీ వెతకడానికే ఉంచుకునేదాన్ని. కొత్త పదాల లిస్టులు పక్కన పెట్టేశాను. వ్యాసం రాయడానికి నాకున్న ఇంగ్లిషు చాలు, దాన్ని సరిగ్గా వాడటమే రాలేదని అప్పటికి అర్థమైంది.

2023లో మూడోసారి రాశాను. టెన్షన్‌తో మొదటి రెండు నిమిషాలు చేతులు ఆడలేదు. ‘నేనేమంటాను?’ అని మనసులో తెలుగులోనే ప్రశ్నించుకుని, జవాబు ఒక వాక్యంగా రాసుకున్నాక మిగతాది నడిచింది. రైటింగ్ 6.5. మాస్టారికి ఫోన్ చేస్తే ముందు టాపిక్ ఏంటని అడిగారు, స్కోరు తర్వాత.

ఇప్పుడు ఎన్‌ఎంసీ కంప్యూటర్ పరీక్ష సీబీటీకి చదువుతున్నాను. నా తప్పుల నోట్‌బుక్ మా వార్డులో జూనియర్ అమ్మాయి తీసుకుంది. తనది మొదటి నుంచీ ఇంగ్లిషు మీడియం, ఆర్టికల్స్ దగ్గర తడబడదు. కానీ తన వ్యాసం చదివితే మూడు పేరాలు దాటినా తనేమంటోందో తెలియలేదు. డాక్టర్‌కు ఫోన్ చేయడం గురించి రాసుకున్న పేజీకి క్లిప్ పెట్టి, ముందు అది చదవమని ఇచ్చాను.