మెనూలో తొమ్మిది, చివరికి మూడు

నెల రోజులుగా నా సొంత వెబ్‌సైట్‌తో కుస్తీ పడుతున్నా. మొదటి పేజీ తల్చుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది: మెనూలో తొమ్మిది బటన్లు, కదిలే బ్యానరు, లేత బూడిద రంగు అక్షరాలు. అప్పుడు మాత్రం భలే ఉందనిపించింది!

అమ్మ చేతికి ఫోనిచ్చి "ఇందులో నా నంబరు ఎక్కడుందో వెతుకు" అన్నా. నోరు మెదపకుండా పక్కన కూర్చున్నా (అసలు కష్టం అదే). కళ్లజోడు సవరించుకుంది, రెండు వేళ్లతో పేజీని సాగదీసింది, చివరికి "ఇదేంట్రా, చీమల బారులా ఉంది" అంది.

ఆ రాత్రే కూర్చున్నా. పేజీ రాసే కోడ్ హెచ్‌టీఎంఎల్‌లో, తెర వెడల్పుకి తగ్గట్టు చూపించమని ఫోనుకి చెప్పే వ్యూపోర్ట్ ట్యాగ్ పెట్టనే లేదు. అది లేకపోతే ఫోను పేజీని కంప్యూటర్ తెరంత వెడల్పు అనుకుని మొత్తం కుదించి చూపిస్తుంది. ఆ ఒక్క వరుస చేర్చగానే సగం రోగం కుదిరింది. ఇక రంగు. అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) మామూలు సైజుకి కనీసం 4.5:1 ఉండాలంటాయి వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని రాసిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు. నా బూడిద రంగు 2:1 దగ్గరే ఆగిపోయింది. నలుపు చేసేశా. బ్యానరూ పోయింది, దాని మీద మమకారమే ఇంకా పోలేదు.

మెనూలో ఇప్పుడు మూడే: నేను, నా పనులు, సంప్రదించండి. నిన్న అమ్మకి మళ్లీ ఇచ్చా. నంబరు దొరికింది. వెంటనే నాకే ఫోన్ చేసింది, పక్క గదిలోంచి.