తగిలిందా, లేదా

పదకొండు దాటింది. ఆయన ఎప్పుడో పడుకున్నారు. కుడి బొటనవేలికి ఐసు కట్టుకుని ఎడమచేత్తో టైపు చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మా పాతకాలపు ఇటాలియన్ కత్తిసాము క్లాసులో మళ్ళీ ఆ పొడుగాయనే. ఈరోజు సాధన పోస్టా ది దొన్నా అనే నిలుపు నుంచి. రెండు చేతులా పట్టిన కత్తిని కుడిభుజం మీదుగా వెనక్కి వాల్చి నిలబడాలి. నేను దాన్ని ‘అమ్మగారి నిలుపు’ అంటాను. అక్కడినుంచి ఫెందెంతె, అంటే పైనుంచి ఏటవాలుగా వేటు వేశాను. అతని మోచేతికి తగిలింది. మా దగ్గర తగిలినవాళ్ళే చెయ్యెత్తి ఒప్పుకోవాలి. అతను ఎత్తలేదు సరికదా, తగిలిందని నేను ఆగిన ఆ క్షణంలో నా బొటనవేలి మీద ఒక్కటిచ్చాడు. మొండి కత్తే, మందపాటి తొడుగే, అయినా వాచింది. పైగా నవ్వు! అంట్లు తోముతున్నా ఆ నవ్వే కళ్ళముందు.

1410 ప్రాంతంలో ఈ విద్యను బొమ్మలతో సహా పుస్తకంలో పెట్టిన ఫియోరె అనే కత్తి గురువు ఇటలీలో మన ఉదినే ఊరి పక్కనున్న చివిదాలె వాడు. తన విద్య నేర్పనన్నందుకు అయిదుసార్లు పదునైన కత్తులతో తలపడవలసి వచ్చిందని రాసుకున్నాడు. పరాయి చోట, అయినవాళ్ళెవరూ లేకుండా, ఒంటిమీద దూదికోటు, చేతులకు తోలు తొడుగులు తప్ప మరేమీ లేకుండా. అక్కడ ‘తగలలేదు’ అని బుకాయించడం కుదురుతుందా?

ఈ నిలుపు నాకు తొందరగా పట్టుబడిందని మాస్టారు మెచ్చుకున్నారు. ఎందుకు పట్టుబడదు? అమ్మమ్మ కాలువ రేవులో దుప్పటి ఉతికేది అచ్చం ఇలాగే. తడి దుప్పటిని మెలిపెట్టి, రెండు చేతులా పట్టి, కుడిభుజం వెనక్కి వేసుకునేది. ముందు మడమ తిరిగేది, తర్వాత నడుము, చేతులు ఆఖరున. సబ్బునురగ ఎగిరి మెట్టుమీద కూర్చున్న నా మొహాన పడేది. నేను సాయం పడితే వెనక్కి తిరక్కుండానే, చప్పుడును బట్టే తప్పు పట్టేది. ‘ఫట్’ అంటే సరే. ‘తప్’ అంటే మళ్ళీ వేయాల్సిందే.

ఇది రాస్తుంటే గుర్తొస్తోంది. అతని మోచేతి మీద నా కత్తి పడ్డప్పుడు వినిపించింది ‘తప్’. అంచు కాదు, పలక, అంటే కత్తి చదునువైపు, తగిలింది. పలక తగిలితే లెక్కలోకి రాదు. అంటే అతను చెయ్యెత్తకపోవడం సరైనదేనేమో. మడమ తిప్పానా? తిప్పినట్టు లేదు.

సరే, దెబ్బ సంగతి వదిలేస్తాను. నవ్వు సంగతి వదలను.

వేలు తగ్గగానే హాల్లో చీపురుకట్ట పట్టుకుని వంద సార్లు మడమ తిప్పాలి. కింది ఫ్లాటు ఆవిడ ఇప్పటికే లిఫ్టులో నన్ను అదోలా చూస్తోంది.