మురికి పట్టించాలంటే ముందు నిగనిగలాడించాలట: నా అనుభవం

మినియేచర్లకి, అంటే బల్ల మీద ఆడే ఆటల్లో వాడే చిన్న బొమ్మలకి, రంగులు వేయడం నేర్చుకునేవాళ్లకి అందరూ చెప్పే మాట ఒకటుంది. "జాంబీలతోనో, కుళ్ళిన రాక్షసులతోనో మొదలుపెట్టు. అవి ఎలాగూ మురికిగానే ఉండాలి, రంగు అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియదు." ఈ మాట చెప్పినవాళ్లలో ఒక్కరు కూడా అలాంటి బొమ్మని చివరిదాకా పూర్తి చేసి ఉండరని నా గట్టి నమ్మకం. మెరిసే కవచం వేసుకున్న యోధుడికి రంగు వేయడం దీనికన్నా చాలా నయం. అక్కడ నీలం అంటే నీలమే, బంగారు రంగు అంటే బంగారు రంగే. ఇక్కడ ప్రతి రంగూ పాడైపోయినట్టు కనిపించాలి, బొమ్మ మాత్రం పాడవకూడదు.

నేను తీసుకున్నది చిత్తడి నేలల్లో తిరిగే ట్రోల్ అనే కథల రాక్షసుణ్ణి. రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే పదార్థం) బొమ్మ. వీపు నిండా కురుపులు, చేతిలో తుప్పు గొడ్డలి, నడుముకి ఎవరి దగ్గరో లాక్కున్న ఇత్తడి కవచం ముక్క.

మొదటి పనులన్నీ సాఫీగానే అయిపోయాయి. రెజిన్ బొమ్మకి అచ్చులోంచి ఊడి రావడానికి రాసిన జిడ్డు ఉంటుంది, గోరువెచ్చటి సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది. అచ్చు గీతలు గీకేశాను. రెజిన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు కాబట్టి మాస్కు పెట్టుకుని, తడి మీదే సాన పట్టాను. ప్లాస్టిక్ బొమ్మల జిగురు రెజిన్‌కి పనిచేయదు, సూపర్ గ్లూ వాడాలి. భుజం దగ్గర ఖాళీగా అనిపించిన చోట ఎపాక్సీ పుట్టీ అనే, ఆరాక గట్టిపడే ముద్దతో నాలుగు కురుపులు అదనంగా పెట్టాను. నీలం పట్టీ, పసుపు పట్టీ కలిపి పిసికితే ఆకుపచ్చగా మారుతుంది చూడండి, అదే. పనిముట్టు తడిగా ఉంచుకుంటే అంటుకోదు. తర్వాత ఒళ్ళంతా నల్ల ప్రైమర్ (రంగు బాగా పట్టడానికి ముందు కొట్టే పూత), దాని మీద పైనుంచి ఏటవాలుగా తెల్ల ప్రైమర్. వెలుగు ఎక్కడ పడుతుందో, నీడ ఎక్కడ ఉంటుందో బొమ్మే చెప్పేస్తుంది. స్ప్రే డబ్బాని మరీ దూరంగా పట్టుకుంటే మాత్రం రంగు గాల్లోనే ఆరిపోయి ఇసుక చల్లినట్టు పడుతుంది.

చర్మం రంగు దగ్గర కాస్త గొప్ప చెప్పుకుంటాను, ఏమీ అనుకోకండి. ట్రోల్ అనగానే అందరూ పచ్చరంగు సీసా మూత తీస్తారు. కుళ్ళిన ఒళ్ళు పచ్చగా ఉండదు, అన్ని రంగులూ కలిసి ఉంటుంది. ప్రాణం పోయాక రక్తం కిందివైపుకి దిగి, అక్కడి చర్మం ఊదారంగుకి తిరుగుతుంది. పచ్చదనం మామూలుగా ముందు పొట్ట కింద కుడివైపు మొదలవుతుంది. భోజనానికి ముందు చదవదగ్గ విషయం కాదు గానీ, రంగులు వేసేవాడికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. అందుకని నేను ఎముక రంగులో చిటికెడు ఆకుపచ్చ కలిపి ఒళ్ళంతా వేశాను. దాని మీద పాలలా పల్చగా చేసిన రంగులతో మోకాళ్ళ వెనక, చంకల్లో, పిరుదుల కింద ఊదా, పొట్ట మీద పసుపు కలిసిన ఆకుపచ్చ, కురుపుల చుట్టూ మాసిన ఎరుపు దించాను. ఒక్కో పొర ఆరాకే ఇంకొకటి. తడి మీద తడి వేస్తే కింద పొర లేచి వస్తుంది. అక్కడికి బొమ్మ నిజంగా బాగుంది. ఫోటో తీసి పెట్టుకున్నాను, పెట్టుకోవడం మంచిదైంది.

ఇక మురికి. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన ఘట్టం ఇదే.

ఎనామెల్ గ్రైమ్ అని ఒకటి వస్తుంది. ట్యాంకుల నమూనాలు చేసేవాళ్లు వాన చారికల కోసం వాడే ముదురు గోధుమరంగు ద్రవం. కుళ్ళిన రాక్షసులకి ఇప్పుడు చాలామంది వాడేది ఇదే. నేను చూసిన వీడియోలో ఒక మహానుభావుడు బొమ్మకంతా ఇది పులిమేసి, "కాసేపాగి దూదిపుల్లతో తుడిచేయండి, అంతే" అని నవ్వాడు. మరుక్షణం తెర మీద ప్రాణం ఉట్టిపడే రాక్షసుడు ప్రత్యక్షం. పులిమినదానికీ, ఆ రాక్షసుడికీ మధ్య ఏం జరిగిందో ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టే చేశాను. దూదిపుల్లని వైట్ స్పిరిట్‌లో (ఎనామెల్‌ని కరిగించే ద్రవం) కాస్త తడిపి తుడిచాను. మురికి కొంత వచ్చింది, చాలావరకు రాలేదు. గట్టిగా రుద్దితే ముక్కు మీద కింది రంగు కూడా ఊడి తెల్ల ప్రైమర్ బయటపడింది. దాన్ని సర్ది, దీపం కింద పెట్టి దగ్గరగా చూస్తే మాత్రం ఎంత బాగుందో! ప్రతి ముడతలోనూ మురికి, ప్రతి కురుపు చుట్టూ చారిక. సంబరంగా ఆటకి తీసుకెళ్ళాను.

బల్ల మీద పెట్టగానే మొదటి ప్రశ్న: "అన్నా, దీనికింకా ప్రైమరే కొట్టావా?"

సరే, సరదాకి అన్నాడులే అనుకున్నాను. అంతలో మా ఆటలోకి కొత్తగా వచ్చిన కుర్రాడు తన విలుకాణ్ణి తెచ్చి నా ట్రోల్ వెనక నక్కించాడు. బండరాయి అనుకున్నాడట! వాడు వెటకారం చేయలేదు, అదే నన్ను ఎక్కువ చంపింది. నిజంగానే అనుకున్నాడు. ఆ పూటంతా మావాళ్లు "రాయి కదిలింది", "రాయి దాడి చేసింది" అంటూనే ఉన్నారు. ఆట నడిపే గేమ్ మాస్టర్ కూడా ఊరుకోలేదు, రాయికి దెబ్బలు తగలవు కాబట్టి కవచం పాయింట్లు పెంచుతానన్నాడు.

ఇంటికొచ్చి బొమ్మని చేతిలోకి తీసుకుంటే మళ్ళీ బాగుంది. బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగితే బంకమట్టి ముద్ద. చేతిలో ఉన్నప్పుడు కనిపించే పనితనమంతా చాచిన చెయ్యంత దూరంలో ఎటుపోతోందో చాలాసేపు అర్థం కాలేదు. చివరికి ఫోన్‌లో ఫోటో తీసి నలుపు తెలుపుకి మార్చాను. అంతే, విషయం బయటపడింది. తల, పొట్ట, గొడ్డలి, కాళ్ళు అన్నీ ఒకే బూడిదరంగు. మురికి వేయకముందు తీసిన ఫోటోని కూడా అలాగే మార్చి చూస్తే, అందులో నుదురు, భుజాలు, వేళ్ళ కణుపులు తెల్లగా వెలుగుతున్నాయి. ఆ గోధుమరంగు మరక నా ఊదాని, ఎరుపుని, వెలుగుని మొత్తం ఒక్క మెట్టు మీదికి లాగేసింది. ఆటబల్ల దూరంలో కళ్ళు ముందు పట్టించుకునేది వెలుగునీడల తేడానే. చారికలు, ముడతలు ఆ తర్వాతే.

కారణం కూడా తర్వాత దొరికింది, ఆ మహానుభావుడి దగ్గర మాత్రం కాదు. నేను ఒళ్ళంతా వేసింది అక్రిలిక్ రంగులు. మ్యాట్‌గా, అంటే మెరుపు లేకుండా, ఆరిన అక్రిలిక్ పైభాగం కంటికి కనిపించని గరుకుతో ఉంటుంది. ఎనామెల్ మురికి ఆ గరుకులో చిక్కుకుని మరకలా ఉండిపోతుంది, ఎంత తుడిచినా పూర్తిగా రాదు. ముందు ఒక పూత గ్లాస్ వార్నిష్ (ఆరాక నిగనిగలాడే పారదర్శకమైన పూత) కొట్టి, బాగా ఆరనిచ్చి, అప్పుడు మురికి వేయాలి. నున్నటి పూత మీద మురికి దానంతటదే గాళ్ళలోకి జారుతుంది, ఎత్తుగా ఉన్నచోట తుడిస్తే శుభ్రంగా వచ్చేస్తుంది, కింది రంగు ఊడదు. ఈ ఒక్క వాక్యం చెప్పడానికి ఆ వీడియోలో ఆయనకి తీరిక లేదు. పరిచయ సంగీతానికి మాత్రం బోలెడంత తీరిక ఉంది. నేర్పేవాళ్లు తమకి అలవాటైపోయిన మెట్టుని చెప్పడం మర్చిపోతారు, నేర్చుకునేవాడు సరిగ్గా ఆ మెట్టు దగ్గరే జారి పడతాడు. ఏ విద్యలోనైనా ఇదే గోల.

సరే, మరమ్మతు. ఎనామెల్ పూర్తిగా ఆరడానికి 24 గంటలు వదిలేశాను. దాని మీద గ్లాస్ వార్నిష్ కొట్టి, వెలుగు పడాల్సిన చోట్లన్నీ మళ్ళీ అక్రిలిక్‌తో పైకి తెచ్చాను. నుదురు, చెంప ఎముకలు, భుజాల పైభాగం, వేళ్ళ కణుపులు దాదాపు ఎముక రంగు దాకా వెళ్ళాయి. తొడల కింద, పొట్ట మడతలో ఉన్న చీకటిని ముట్టుకోలేదు. తర్వాత మళ్ళీ ఒక పూత గ్లాస్. అది ఆరాక రెండోసారి మురికి, ఈసారి ఒళ్ళంతా పులమకుండా కావలసినచోట మాత్రమే. తుడవడం కూడా పైనుంచి కిందికే, వాననీళ్లు జారే దారిలో. అడ్డంగా తుడిస్తే చారిక కాదు, చేత్తో అలికినట్టుంటుంది. మురికి ఎక్కడ చేరుతుందో తెలియాలంటే కిటికీ చూరు కింద గోడ చూడండి. నీళ్లు ఆగినచోట చిక్కగా, జారినచోట పల్చగా, చూరు నీడలో ఏమీ లేకుండా ఉంటుంది. బొమ్మ మీద కూడా అంతే. మడతల్లో, బెల్టు పైఅంచున, పాదాల మీద చిక్కగా ఉండాలి. రొమ్ము మధ్యలోనూ నుదుటి మీదా దాదాపు లేకుండా ఉండాలి. శుభ్రమైన చోటంటూ ఉంటేనే మురికి మురికిలా కనిపిస్తుంది.

ఆఖరున నాలుక మీద పచ్చి ఎరుపు, కళ్ళలో పసుపు, పెద్ద కురుపుల కొసన లేత పసుపు చుక్క. మిగతా ఒళ్ళంతా మాసిపోయి ఉంది కాబట్టి ఈ కాస్త రంగే గది అవతలి నుంచి కూడా పిలుస్తుంది. నలుపు తెలుపు ఫోటో మళ్ళీ తీశాను. ముఖం ముఖంలా ఉంది.

తుప్పు సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అది నాకు కుదిరింది. గొడ్డలికి ముదురు గోధుమరంగు వేసి, చింపిన స్పాంజి ముక్కతో ఎర్రగోధుమ అద్ది, దాని లోపల ఇంకా తక్కువ చోట్ల నారింజ అద్దాను. పదును అంచున మాత్రం వెండి గీత, వాడి వాడి అక్కడ తుప్పు రాలిపోతుంది కదా. చూసినవాళ్లు ఇనుమేమో అని గోటితో గీకి చూశారు, అంతకన్నా ఏం కావాలి? ఒక్క విన్నపం: ఇనుప కత్తుల మీద నీలిపచ్చ చిలుము వేయకండి. అది రాగికి, ఇత్తడికి, కంచుకి పట్టేది. ఇనుముకి పట్టేది నారింజ, గోధుమ రంగుల తుప్పు. నా ట్రోల్ నడుము దగ్గరున్న ఇత్తడి ముక్కకి నీలిపచ్చ వేశాను, గొడ్డలికి వేయలేదు. పోటీల్లో బహుమతులు కొట్టిన బొమ్మల మీద కూడా ఉక్కు కత్తికి చిలుము చూశాను. ఆ న్యాయనిర్ణేతలు ఏం చూసి మార్కులు వేస్తారో వాళ్లకే తెలియాలి.

వైట్ స్పిరిట్ వాడేటప్పుడు కిటికీలు తెరవండి. ఎనామెల్‌కి పాత సింథటిక్ బ్రష్ ఒకటి పక్కన పెట్టుకోండి, మంచి సేబుల్ బ్రష్‌ని (జంతువు వెంట్రుకలతో చేసేది) అందులో ముంచితే దాని పని అయిపోయినట్టే. బ్రష్ మొన నోట్లో పెట్టి సర్దే అలవాటు ఉంటే ఈ పని చేస్తున్నంతసేపూ మానుకోండి. విషంతో పరాచికాలొద్దు.

చివరి మ్యాట్ వార్నిష్ విషయంలో నాకు చాలా టెన్షన్. గాలిలో తేమ ఎక్కువున్న రోజు కొడితే బొమ్మంతా తెల్లగా మంచు పట్టినట్టు అయిపోతుంది. అలా అయితే పైన ఒక పూత గ్లాస్ బ్రష్‌తో వేస్తే చాలాసార్లు తెలుపు పోతుంది, కానీ ఆ గుండె దడ ఎందుకు? నేను పొడి వాతావరణం వచ్చేదాకా ఆగాను. మ్యాట్ ఆరాక నోరు, కురుపులు, పుళ్ళ మీద మాత్రం మళ్ళీ గ్లాస్ వేశాను. ఒళ్ళంతా పొడిగా ఉండి అవి మాత్రం తడిగా మెరిస్తేనే చూసేవాళ్లకి డోకు వస్తుంది.

చొంగ కోసం పారదర్శకమైన మామూలు జిగురు చాలు. పళ్ళు కుట్టుకునే పుల్లతో పై పన్ను దగ్గర ఒక చుక్క పెట్టి, కింది దవడ దాకా సాగదీస్తే సన్నటి తీగ వస్తుంది. అది ఆరాక గ్లాస్ వార్నిష్‌లో ఒక బొట్టు పచ్చపసుపు ఇంకు కలిపి దాని మీద అద్దాలి. ఈ తీగలు చాలా పెళుసు, ఆడేటప్పుడు బొమ్మని బేస్ (కాళ్ళ కింది దిమ్మ) పట్టుకునే జరపండి. నా ట్రోల్‌కి మొన్నటి ఆటలో అప్పుడే ఒక తీగ తెగిపోయింది. ఎవరి చెయ్యి తగిలిందో నాకు తెలుసు. మళ్ళీ అతికించి ఇస్తానన్నాడు, వద్దన్నాను.